సున్నపురాయి మనది, శిక్షణ నిధులు ఎవరివి?

(నందిగామలో జరిగిన నిరుద్యోగ యువజనుల సమావేశంలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 మేము పదవుల్లో ఉన్నవాళ్ళం కాదు. కొందరం రిటైరైన పంతుళ్ళం, ఒకరిద్దరం బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళం, ఒకరు ఆడిట్ శాఖలో పనిచేసి వచ్చారు. ఆదివారం పూట కూర్చుని, ఊళ్ళ నుంచి వచ్చే కుర్రాళ్ళకు అర్జీలు రాసిపెడుతుంటాం. ఆ పనిలో తగిలిన దెబ్బలు, దొరికిన దారులు చెప్పుకోవడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాం.

ముందు మా తప్పుతోనే మొదలుపెడతాం. మొదట్లో మేం రాసిన అర్జీ ఒకే ఒక్క పేజీ. 'మా ప్రాంత యువకులు నిరుద్యోగంతో బాధపడుతున్నారు, తమరు దయతలచి శిక్షణ కార్యక్రమానికి గ్రాంటు మంజూరు చేయ ప్రార్థన.' కింద నలభై సంతకాలు. ఆ కాగితాన్నే జిరాక్స్ తీసి పదకొండు ఆఫీసులకు పంపాం. ఏడు చోట్ల నుంచి జవాబే లేదు. మూడు చోట్ల నుంచి 'సంబంధిత శాఖకు పంపడమైనది' అని వచ్చింది. ఒక్క చోట మాత్రం ఓ గుమాస్తా ఫోన్ చేశాడు. 'సార్, ఎంతమందికి? ఏం పని? ఎన్ని గంటలు? ఎంతవుతుంది? నేర్చుకున్నాక ఎక్కడ చేరతారు? ఇవేవీ రాయకుండా దయతలచమంటే మేం ఏం తలచాలి?' అన్నాడు. ఆ పూట మాకు కోపం వచ్చింది. రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు. అక్కడి నుంచే మా అసలు చదువు మొదలైంది.

యువకులకు శిక్షణ పేరుతో ఈ దేశంలో డబ్బు లేకపోవడం ఎప్పుడూ లేదు. 1979 ఆగస్టు 15న ట్రైసెం వచ్చింది. మా వయసు వాళ్ళకు ఆ పేరు బాగా గుర్తు. 1999 ఏప్రిల్‌లో దాన్ని స్వర్ణజయంతి పథకంలో కలిపేశారు. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఈజీఎంఎం పెట్టారు. 2014 సెప్టెంబరు 25న దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన, 2015 జూలైలో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చాయి. పేరు మారుతుంది, బోర్డు మారుతుంది, బోర్డు మీద బొమ్మ మారుతుంది. మెట్టలో మాత్రం మారనిది ఒకటుంది. నేర్పేది ఎప్పుడూ కుట్టు మిషనో, బ్యూటీ పార్లరో, కంప్యూటర్‌లో టాలీయో. కొన్ని ఊళ్ళలో కుట్టించుకునే వాళ్ళకన్నా కుట్టేవాళ్ళే ఎక్కువయ్యారని ఆడవాళ్ళే నవ్వుకుంటున్నారు.

మా కళ్ళముందే ఒక సంస్థ వచ్చింది. పేరు చెప్పం, చెప్పి లాభం లేదు. అద్దె బిల్డింగు తీసుకుంది, వేలిముద్రల మిషను పెట్టింది, మూడు నెలలు పాఠం చెప్పింది. పిల్లలకు సర్టిఫికెట్లు ఇచ్చి, ఎక్కడో నగరంలో ప్యాకింగ్ పనికి బస్సెక్కించింది. నెల తిరక్కుండా సగానికి సగం మంది వెనక్కొచ్చారు. జీతంలో గది అద్దె, తిండి పోగా మిగిలేదేమీ లేదన్నారు. మళ్ళీ వెళ్ళి చూస్తే బిల్డింగుకు తాళం. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు హైవే మీద టైర్ల షాపులో పని చేస్తున్నాడు. ఆ సర్టిఫికెట్ ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే దాచుకున్నాడు.

మన పక్కనే, గరికపాడు దాటి కోదాడ అవతల నడిచిన ఉద్యమం నీళ్లు, నిధులు, నియామకాలు అనే మూడు మాటలను ప్రతి ఇంటికీ చేర్చింది. ఆ మూడు మాటలూ మెట్ట ప్రాంతానికి తెలియనివేమీ కావు. సాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి మన దగ్గరికి వచ్చేసరికి ఎంత నీరు మిగులుతుందో చివరి భూముల రైతును అడిగితే చెబుతాడు. కృష్ణా జిల్లా అంటే అందరికీ డెల్టానే కళ్ళముందు కదులుతుంది. పచ్చని పొలం బొమ్మ వాళ్ళది, రాళ్ళ దుమ్ము మనది. 2022 ఏప్రిల్ 4న మనం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. ఇప్పుడు అడగాల్సిన కలెక్టరేటు విజయవాడలోనే ఉంది, బందరు దాకా పోవాల్సిన పని తప్పింది. అదొక్కటే మార్పుగా మిగిలిపోవాలా అన్నది మన చేతుల్లో ఉంది.

ఇక అసలు విషయం. మన కాళ్ళ కింద సున్నపురాయి ఉంది. అందుకే జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ, బూదవాడలో అల్ట్రాటెక్ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. రాయి తవ్వితే ప్రభుత్వానికి రాయల్టీ కట్టాలి. 2014 సెప్టెంబరులో కేంద్రం నిర్ణయించిన రేటు ప్రకారం మామూలు సున్నపురాయికి టన్నుకు 80 రూపాయలు. 2015లో గనుల చట్టాన్ని సవరించి ఇంకో మాట చేర్చారు. గనుల వల్ల నష్టపోయే ప్రాంతాల కోసం ప్రతి జిల్లాలో ఒక ఖనిజ ఫౌండేషన్ పెట్టాలి, లీజుదారు రాయల్టీకి అదనంగా దానికి కొంత కట్టాలి. 2015 జనవరి 12కు ముందిచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం. అంటే పాత లీజులో తవ్విన ప్రతి టన్నుకూ 24 రూపాయలు.

24 రూపాయలే కదా అనుకోకండి. ఏడాదికి పది లక్షల టన్నుల క్లింకర్ తీసే ఫ్యాక్టరీకి సుమారు పదిహేను లక్షల టన్నుల రాయి కావాలి. అదంతా పాత లీజు రాయే అనుకుంటే ఏడాదికి 3 కోట్ల 60 లక్షలు. ఇప్పుడు ఇంకో లెక్క వేద్దాం. శిక్షణకు గంటకు, మనిషికి ఎంత ఇవ్వాలో 2015 జూలైలో కేంద్రమే రేట్లు ప్రకటించింది. యంత్రాలతో పనిచేసే భారీ తరగతి కోర్సులకు 38 రూపాయల 50 పైసలు. తర్వాత పెంచారు, మన లెక్కకు పాత రేటే తీసుకుందాం. 400 గంటల కోర్సుకు ఒక్కొక్కరికి 15,400. ముప్పై మందికి 4 లక్షల 62 వేలు. 24తో భాగించండి, 19,250 టన్నులు. అలాంటి ఫ్యాక్టరీ రోజుకు నాలుగు వేల టన్నుల పైనే రాయి నములుతుంది. అంటే ఐదు రోజుల రాయి మీద వచ్చే సొమ్ముతో ముప్పై మంది కుర్రాళ్ళకు పని నేర్పవచ్చు. మిగతా మూడు వందల అరవై రోజుల రాయి సంగతి అడగకముందే ఇదీ పరిస్థితి.

ఆ డబ్బు దేనికి ఖర్చు చేయాలో కూడా రాసే ఉంది. 2015 సెప్టెంబరులో తెచ్చిన ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కళ్యాణ యోజనలో తాగునీరు, ఆరోగ్యం, చదువు, పారిశుధ్యంతో పాటు నైపుణ్యాభివృద్ధి కూడా మొదటి ప్రాధాన్యాల్లో ఉంది. ఆ ప్రాధాన్యాలకు కనీసం 60 శాతం అన్నారు. 2024 జనవరిలో దాన్ని 70కి పెంచారు. మిగతాది రోడ్లకు, కాలువలకు. మరి ఊళ్ళలో ఏ కాగితం ముందు కదులుతుంది? సిమెంటు రోడ్డు కాగితమే. రోడ్డుకు ఎస్టిమేటు ఉంటుంది, కాంట్రాక్టరు ఉంటాడు, దాని వెంట తిరిగేవాడు ఉంటాడు. ముప్పై మంది పిల్లల శిక్షణ కాగితం వెంట తిరిగేవాడు ఎవడూ ఉండడు. రోడ్డు వద్దని మేం అనడం లేదు. దాని పక్కనే మన కాగితం కూడా ఉండాలంటున్నాం.

ఫౌండేషన్ తన వసూళ్ళ వివరాలు, సమావేశాల మినిట్స్, ఏటా వేసే ప్రణాళిక, లబ్ధిదారుల జాబితా బయటపెట్టాలని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో అడిగితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. తెల్ల కార్డు వాళ్ళకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఉద్యోగ మిత్రులు ఇక్కడే పనికొస్తారు. ఏ సెక్షన్‌లో ఏ ఫైలు ఉంటుందో, ప్రశ్న ఎలా వేస్తే తప్పించుకోలేరో మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? 'నిధులు ఏమయ్యాయి' అని అడిగితే ఏమీ రాదు. 'ఫలానా ఆర్థిక సంవత్సరంలో, ఫలానా మండలం నుంచి, సున్నపురాయి పద్దు కింద జమ అయినదెంత, అందులో నైపుణ్యాభివృద్ధికి మంజూరైనదెంత' అని అడిగితే అంకె వస్తుంది.

రెండో జేబు కంపెనీల సామాజిక బాధ్యత, సీఎస్ఆర్. కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర ఆస్తి 500 కోట్లో, టర్నోవరు వెయ్యి కోట్లో, లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. ఖర్చు పెట్టదగిన పనుల పట్టికలో ఉపాధినిచ్చే వృత్తి నైపుణ్యాలు ఉన్నాయి. ఏ కంపెనీ ఏ జిల్లాలో ఎంత ఖర్చు పెట్టిందో దాని వార్షిక నివేదిక చివర అనుబంధంలో అచ్చవుతుంది. గేటు దగ్గరికి వెళ్ళే ముందు అది చదివి వెళ్ళండి. చదివొచ్చిన వాడితో ఆఫీసరు మాట్లాడే తీరే వేరు.

అయితే ఒక చిక్కు. సీఎస్ఆర్ డబ్బు సంఘం చేతికి రావాలంటే సంఘానికి రిజిస్ట్రేషను, పాన్ కార్డు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నంబర్లు కావాలి. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం కూడా దాఖలు చేయాలి. పండగ చందాలు వసూలు చేసే యువజన సంఘానికి ఇవేవీ ఉండవు. ఉన్నట్టుండి తెప్పిస్తామని తిరిగే బ్రోకర్లున్నారు. 'గ్రాంటులో పది శాతం మాకు' అనేవాడిని గుమ్మం కూడా ఎక్కనివ్వకండి. మీ సంఘానికి ఆ అర్హత లేకపోతే, ఉన్న మంచి సంస్థతో కలిసి వెళ్ళండి. పిల్లల్ని గుర్తించడం, హాజరు చూడటం, ఉద్యోగం వచ్చాక ఆరు నెలలు కనిపెట్టుకుని ఉండటం మీ పని అని కాగితం మీద రాసుకోండి. అమెరికాలో ఉన్న మన ఊరివాళ్ళు పంపిస్తారంటారు. మంచిదే. కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపేది విదేశీ విరాళం కింద లెక్క. ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేకుండా రూపాయి ముట్టుకోకూడదు. భారత పాస్‌పోర్టుతోనే ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి ఇస్తే ఆ బాధ లేదు. అడిగేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న మొహమాటం లేకుండా అడగండి.

మూడో దారి అసలు గ్రాంటే కాదు, మాకు మాత్రం అన్నిటికన్నా గట్టిగా కనిపించింది అదే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం. ముప్పై మందీ అంతకు మించీ పనిచేసే ప్రతి సంస్థా మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. ఆ మొత్తంలో కాంట్రాక్టు కార్మికులనూ లెక్కపెట్టాలి. ఇది మనకు చాలా ముఖ్యం, ఎందుకంటే మన ప్రాంతంలో గేటు లోపల ఎక్కువమంది కాంట్రాక్టు వాళ్ళే. వెయ్యి మంది ఉన్నచోట కనీసం ఇరవై ఐదు మంది అప్రెంటిస్‌లు ఉండాలి. వాళ్ళకు ఇచ్చే స్టైపెండులో పావు వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరించే పథకం 2016 నుంచి ఉంది. భోజనం, బిల్డింగు, బోర్డు ఏదీ అక్కర్లేదు. యంత్రం ఉన్నచోటే యంత్రం దగ్గర నేర్చుకోవడం. మన ఐటీఐ పిల్లలు ఎంతమంది అప్రెంటిస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నారని మొన్న ఒక ఊళ్ళో అడిగాం. పద్నాలుగు మంది ఐటీఐ పాసైనవాళ్ళుంటే ఇద్దరు చేతులెత్తారు. ఇందులో కంపెనీ తప్పెంత, మన తప్పెంత?

స్థానికులకే ఉద్యోగాలు అనే చట్టం ఉంది కదా అని ఎవరో వెనక నుంచి అంటున్నారు. ఉంది. 2019లో మన రాష్ట్రం పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. అర్హులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి శిక్షణ ఇచ్చి తీసుకోవాలని కూడా అందులో రాశారు. అలాంటిదే హర్యానా చేస్తే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోర్టుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. చట్టం నిలిచినా నిలవకపోయినా, 'మీ వాళ్ళకు పని రాదు' అన్న మాట వాళ్ళ నోట రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది.

బ్యాంకుల దగ్గర ఆర్‌సెటిలున్నాయి, జిల్లాకొకటి చొప్పున. ఉచిత భోజనం, వసతితో కొద్ది వారాల కోర్సులు. సొంతంగా షాపు పెట్టుకునే వాళ్ళకు మంచివి. ఆ తర్వాత ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో అప్పు తీసుకుంటే పల్లెల్లో 25 శాతం, ఎస్సీ ఎస్టీ బీసీ మైనారిటీలకు, మహిళలకు 35 శాతం సబ్సిడీ ఉంది. పొదుపు సంఘాల చెల్లెళ్ళకు నాబార్డు చిన్న గ్రాంట్లు ఇస్తుంది, దాని జిల్లా మేనేజరును కలవండి. వీటి మీద ఇంతకు మించి చెప్పం, కరపత్రంలో రాశాం.

ఎలా అడగాలన్నదానికి పాఠం కోసం దూరం పోనక్కర్లేదు, ముక్త్యాల దాకా పోతే చాలు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు నందికొండ దగ్గర ఆనకట్ట కావాలని 'ప్రార్థన' రాసి ఊరుకోలేదు. ఇంజనీర్లను పెట్టి సర్వే చేయించారు, లెక్కలు కట్టించారు. 1952లో ఖోస్లా కమిటీ వస్తే, ఆ చోటుకు దారి లేదన్న మాట రాకుండా ఊళ్ళ జనంతో జీపులు పోయే బాట వేయించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేశారు. ఆ నీళ్ళు ఎవరికెంత దక్కాయన్న పంచాయితీ వేరు, అది ఇవాళ్టికీ తెగలేదు. అది మరో సభకు ఉంచుదాం. మనం చూడాల్సింది, అడిగేవాడు లెక్క పట్టుకుని వెళ్ళడం.

మన లెక్క ఏమిటి? ముందు గేటు లోపల ఏయే పనులున్నాయో రాయాలి. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు అందరికీ తెలుసు. గనిలో డంపరు, ఎక్స్‌కవేటరు నడిపేవాళ్ళు కావాలి. మైన్స్ మేటు, బ్లాస్టరు కావాలంటే గనుల భద్రతా డైరెక్టరేటు పెట్టే పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రాళ్ళ మధ్య పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఆ పరీక్ష పేరు విన్నవాళ్ళు ఎంతమంది? కిల్న్ కంట్రోలు రూములో కూర్చునేవాడికి డిప్లొమా కావాలి. పరిటాల వైపు క్రషర్లున్నాయి, హైవే పొడుగునా లారీల రిపేర్లున్నాయి, పత్తి జిన్నింగ్ మిల్లులున్నాయి, బెజవాడ ఆటోనగర్ గంట ప్రయాణం. కుట్టు మిషనుకు ముందు ఈ పనుల్లో ఏది ఎంతమందికి దొరుకుతుందో రాయండి. ఆడపిల్లలకు ఈ పనులెందుకని అడ్డుచెప్పే పెద్దలకు ఒక మాట. లేబొరేటరీలో సిమెంటు నాణ్యత పరీక్షించే పనిలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన అమ్మాయి చేయలేనిదేముంది?

తర్వాత ఊరివారీ జాబితా. పేరు, వయసు, చదువు, ఇప్పుడేం చేస్తున్నాడు, ఇల్లు వదిలి వెళ్ళగలడా. గ్రామసభలో చదివించి తీర్మానం చేయించండి. తీర్మానం నకలు, ఖర్చు లెక్క, నేర్పే సంస్థ ఒప్పుకోలు, పనిచ్చేవాడి నుంచి ఒక లేఖ, ఈ నాలుగూ జతచేసి కలెక్టరుకు ఒకటి, ఎమ్మెల్యేకు ఒకటి, ఎంపీకి ఒకటి ఇవ్వండి. ఫౌండేషన్ కమిటీలో వాళ్ళంతా ఉంటారు. డబ్బు విడతలుగా ఇవ్వమని, చివరి విడత పిల్లలు ఉద్యోగంలో కుదురుకున్నాకే ఇవ్వమని మనమే రాయాలి. దీన్‌దయాళ్ పథకంలోనే నేర్చుకున్న వాళ్ళలో 70 శాతానికి ఉద్యోగం చూపాలనే నిబంధన ఉంది, మనం అంతకు తక్కువ ఎందుకు ఒప్పుకోవాలి? బిల్డింగుకు తాళమేసి పోయేవాళ్ళకు అదొక్కటే అడ్డం.

మేం ఇలా రాసిన రెండో అర్జీ పద్దెనిమిది పేజీలు. ఇరవై ఎనిమిది పేర్లు, మూడు ఊళ్ళ తీర్మానాలు. ఇంకా మంజూరు కాలేదు, అబద్ధం చెప్పం. కానీ ఈసారి ఫోన్లు వచ్చాయి. రెండుసార్లు సందేహాలు అడిగారు, ఒకసారి ఖర్చు తగ్గించి రాయమన్నారు, రాసిచ్చాం. ఫైలు నంబరు మా దగ్గరుంది. జవాబు రాకపోతే వచ్చే నెల అదే నంబరుతో సమాచార హక్కు కింద దరఖాస్తు వేస్తాం.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఇక్కడే కూర్చుంటాం. మీ ఊరి జాబితా తీసుకురండి. ఐటీఐ, డిగ్రీ వాళ్ళ పేర్లు ఎలాగూ తెస్తారు. పదో తరగతి తప్పినవాళ్ళనూ, క్రషర్ల దగ్గర కూలికెళ్తున్న వాళ్ళనూ మరిచిపోకండి. వాళ్ళు ఆదివారం కూడా పనికెళ్తారు, సభకు రాలేరు. వాళ్ళ పేర్లు మీరే రాసుకురావాలి.